తట్ట పట్టిన చేతికి తాపీ

మొగుడంపల్లిలో ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారనుకోండి. పొద్దున్నే మిల్లరు వచ్చింది. గడగడా తిరుగుతోంది. ఒక పక్క ఇసుక కుప్ప. ఒక పక్క కంకర. గోడ నీడన సిమెంటు బస్తాలు. డ్రమ్ముల నిండా నీళ్లు. పదిహేను మంది దాకా కూలీలు వచ్చారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లే.

ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? కంకర ఎత్తుతున్నారు. ఇసుక ఎత్తుతున్నారు. మిల్లరులో నీళ్లు పోస్తున్నారు. నిచ్చెన మీద వరుసగా నిలబడి తట్టలు అందిస్తున్నారు. రేపటి నుంచి స్లాబుకు నీళ్లు పట్టేదీ వాళ్లే.

మరి పైన వంగి, మాలు సర్ది, మట్టం చూసి, సాపు చేసేది ఎవరు? మేస్త్రీ. ఆయన చేతిలో తాపీ ఉంది. సాయంత్రం కూలి పంచేటప్పుడు తాపీకి ఒక లెక్క. తట్టకు ఒక లెక్క. ఆ తేడా ఎంతో అడ్డా మీద నిలబడిన ప్రతి ఆడమనిషికీ తెలుసు.

తాపీ బరువు ఎంత? అర కిలో కూడా ఉండదు. తట్ట బరువు 15 కిలోలు. బరువు మోసే చేతికి తక్కువ కూలి, తేలిక పనిముట్టు పట్టిన చేతికి ఎక్కువ కూలి. ఎందుకని? తాపీ పట్టే మనిషికి ఒక సంగతి తెలుసు. కాంక్రీటు ఎప్పుడు ఏ స్థితిలో ఉందో తెలుసు. ఎప్పుడు ముట్టాలో, ఎప్పుడు ముట్టకూడదో తెలుసు. ఆ తెలివికే కూలి. అది నేర్చుకుంటే వచ్చేదే.

మట్టి మిద్దె నుంచి స్లాబు దాకా

మొగుడంపల్లి కర్ణాటక సరిహద్దుకు దగ్గరి ఊరు. 2016 దాకా జహీరాబాదు మండలంలో ఉండేది. జిల్లా మెదక్. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక సంగారెడ్డి జిల్లాలో తనే ఒక మండలం అయ్యింది.

ఈ వైపు పాత ఇళ్లంటే మట్టి మిద్దెలు. రాతి గోడ, మట్టి గోడ. పైన దూలాలు, వాటి మీద కర్రలు, ఆకు. దాని మీద మన్ను పోసి దిమ్మిసతో కొట్టేవారు. వానాకాలం రాకముందే మిద్దె ఎక్కి చూసుకోవాలి. పగుళ్లుంటే మన్ను పూయాలి. ఇంట్లో నేల అలకాలి. గోడ పూయాలి. ఈ పనులన్నీ ఎవరు చేశారు? ఎక్కువగా ఆడవాళ్లే. మన్ను ఎంత తడిగా ఉంటే పూతకు వస్తుంది, ఎంత ఆరితే చెయ్యి అద్దుకోవచ్చు అన్నది వాళ్ల చేతికి తెలుసు. ఎవరూ దాన్ని మేస్త్రీ పని అనలేదు. ఇంటి పని అన్నారు. కూలి లేదు.

ఇప్పుడు మిద్దె పోయి స్లాబు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలుపెట్టింది. సొంత జాగా ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోను 5 లక్షల రూపాయల సాయం. ఒక్కసారే ఇవ్వరు, పని జరిగిన కొద్దీ ఇస్తారు. ఇల్లు ఆ ఇంటి మహిళ పేరు మీద ఇస్తారు. అంటే స్లాబు ఇప్పుడు కూలికి మోసేది మాత్రమే కాదు. తన పేరు మీద ఉన్న ఇంటి కప్పు. అది బాగా పడిందా లేదా అని చూసుకోవలసింది ఆమెనే.

సిమెంటు ఎండి గట్టిపడదు

ఇక్కడే చాలామంది పొరపడతారు. బట్ట ఎండినట్టు, పిడక ఎండినట్టు కాంక్రీటు కూడా ఎండి గట్టిపడుతుందని అనుకుంటారు. అది నిజం కాదు.

సిమెంటు ఎట్లా తయారవుతుంది? సున్నపురాయి, కొంత మన్ను కలిపి కొలిమిలో కాలుస్తారు. వేడి 1,450 డిగ్రీల దాకా ఉంటుంది. కాలిన గడ్డలను కొంచెం జిప్సంతో కలిపి పిండి పట్టినట్టు పడతారు. మనకు దగ్గర్లో తాండూరు వైపు, అవతల కర్ణాటకలో సేడం వైపు సున్నపురాయి బాగా ఉంది. అందుకే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి.

ఆ పొడికి నీళ్లు తగలగానే రెండూ కలిసి కొత్త పదార్థంగా మారడం మొదలవుతుంది. సన్నని సూదుల్లాంటివి, రేకుల్లాంటివి పుట్టుకొస్తాయి. అవి ఇసుకను, కంకరను అల్లుకుంటాయి. కాంక్రీటును గట్టిగా చేసేది ఆ అల్లిక. నీళ్లుంటేనే అల్లిక సాగుతుంది. నీళ్లు ఎండిపోతే అల్లిక ఆగిపోతుంది. నీళ్లలో ముంచి ఉంచినా కాంక్రీటు గట్టిపడుతుంది. బావి ఒర, చెరువు తూము అట్లా గట్టిపడినవే.

ఈ పని వెంటనే అయిపోదు. మామూలు సిమెంటు కలిపిన అరగంట దాకా మెత్తగా ఉండాలని, 10 గంటలు దాటకుండా గట్టిపడాలని ప్రమాణం పెట్టారు. మొదటి వారంలో బలం సుమారు మూడింట రెండు వంతులు వస్తుంది. లెక్కకు తీసుకునే పూర్తి బలం 28 రోజులకు వస్తుంది. ఆ తర్వాత కూడా మెల్లగా పెరుగుతూ ఉంటుంది.

బస్తాకు ఎన్ని నీళ్లు?

స్లాబుకు సాధారణంగా వాడే పాలు ఇది: సిమెంటు ఒక వంతు, ఇసుక ఒకటిన్నర వంతు, కంకర మూడు వంతులు. 50 కిలోల బస్తా అంటే కొలతకు ఒకటింబావు ఘనపుటడుగు. అంత పట్టే కర్ర పెట్టె ఒకటి చేయించుకుంటే లెక్క తప్పదు. బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. తట్టలతో కొలిస్తే ఒకరు కుప్పగా నింపుతారు, ఒకరు వెలితిగా నింపుతారు. పాలు మారిపోతుంది.

400 చదరపు అడుగుల ఇల్లు, 5 అంగుళాల మందం స్లాబు అనుకోండి. దూలాలు లెక్కలో లేకుండా 167 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలి. సిమెంటు సుమారు 38 బస్తాలు. మొత్తం బరువు 11 టన్నుల పైనే. తట్టకు 15 కిలోల చొప్పున 750 తట్టలు. ఒక్క రోజులో. ఆడవాళ్ల నెత్తి మీద, చేతుల మీద పైకి పోయే బరువు ఇది.

ఇక నీళ్లు. ఈ పాలుకు బస్తాకు 30 లీటర్లు మించకూడదు. ఇసుకలో ఉన్న తడి కూడా ఇందులోనే లెక్క. కానీ పని మీద జరిగేది వేరు.

పై నుంచి కేక వస్తుంది.

“మాలు గట్టిగున్నది, జారుతలేదు. ఇంకో బకెటు కొట్టు అక్కా!”

పలుచగా ఉంటే సర్దడం తేలిక. చెయ్యి నొయ్యదు. తొందరగా పని తెములుతుంది. కానీ సిమెంటుకు అక్కర లేని ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? తర్వాత ఆవిరై పోతాయి. అవి ఉన్నచోట సన్నని బొక్కలు మిగులుతాయి. బస్తాకు 30 లీటర్లకు బదులు 40 పోస్తే బలం సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. మూడు బస్తాలకు ఒక బస్తా సిమెంటు నీళ్ల పాలైనట్టే. తర్వాత వానకు ఉరుస్తుంది. లోపలి సలాక తుప్పు పడుతుంది.

మిల్లరు దగ్గర నీళ్లు పోసేది చాలాచోట్ల ఆడమనిషే. అందరూ దాన్ని చిన్న పని అనుకుంటారు. నిజానికి స్లాబు బలం ఆ బకెట్టులో ఉంది. లెక్క తెలిసిన మనిషి అయితే, “అన్నా, బస్తాకు లెక్క అయిపోయింది. ఇంక పొయ్య” అనగలుగుతుంది. అట్లా అనాలంటే బకెట్టు ఎన్ని లీటర్లదో తెలియాలి. ఎన్ని పోసిందో గీతలు పెట్టుకోవాలి.

నీళ్లు పైకి తేలే వేళ

ఇప్పుడు మాలు పైకి చేరింది. తాపీ పని మొదలైంది.

ముందు పారతో సర్దుతారు. ఎత్తు నుంచి కుమ్మరించకూడదు. అట్లా చేస్తే కంకర ఒక పక్కకు, సిమెంటు పాలు ఒక పక్కకు పోతాయి. సర్దిన వెంటనే వైబ్రేటరు సూది దించుతారు. లోపలి గాలి బుడగలుగా బయటకు వస్తుంది. బుడగలు ఆగి పైన మెరుపు రాగానే సూది మెల్లగా తీయాలి. ఒకేచోట ఎక్కువసేపు ఉంచినా నష్టమే, కంకర కిందికి దిగిపోతుంది. సూది తగలని చోట కింద తేనెపట్టు లాగా బొక్కలు పడతాయి. సెంట్రింగు విప్పాక సలాక కనిపించే ఇళ్లు అట్లాంటివే.

తర్వాత బద్ద. పొడుగు కర్ర గానీ, అల్యూమినియం బద్ద గానీ ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు. ముందే పెట్టుకున్న మట్టం గుర్తుల మీద ఆనించి, రంపం కోసినట్టు అటూ ఇటూ జరుపుతూ వెనక్కి లాగుతారు. మిట్ట ఉంటే తెగుతుంది. పల్లం ఉంటే కనిపిస్తుంది, అక్కడ మాలు వేస్తారు. కప్పు మీద వాన నీళ్లు నిలవకూడదు. అందుకని 10 అడుగులకు ఒక అంగుళం పైచిలుకు వాలు పెడతారు. బద్ద పని ఇద్దరిది. రెండో కొస పట్టుకునే అవకాశం వస్తే వదులుకోకూడదు. చాలామంది మేస్త్రీలు పని నేర్చుకున్నది ఆ రెండో కొస దగ్గరే.

బద్ద లాగిన వెంటనే రందా. కర్రతో చేసిన పలక, పైన పిడి. దాంతో ఒకసారి సాపు చేస్తారు. కంకర కిందికి అణుగుతుంది. గీతలు పోతాయి.

ఆ తర్వాత?

ఆ తర్వాత ఆగాలి. ఇదే అన్నిటికంటే కష్టమైన పని.

కాసేపటికి స్లాబు పైన నీళ్లు తేలుతాయి. ఎవరూ పోయలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చాయి? ఇసుక, కంకర, సిమెంటు బరువైనవి. అవి మెల్లగా కిందికి కూర్చుంటాయి. నీళ్లు తేలిక. అవి పైకి వస్తాయి. పెరుగు కదిలిస్తే పైకి నీళ్లు తేరుకున్నట్టు.

ఈ నీళ్లు ఉన్నప్పుడు గుర్మాల పెట్టకూడదు. గుర్మాల అంటే నున్నగా చేసే ఇనుప పలక. తడి మీద దాంతో రుద్దితే పైన తేలిన నీళ్లు పై పొరలో కలిసిపోతాయి. పై పొర పలుచని పాలుతో నిండుతుంది. అప్పటికి అద్దంలా మెరుస్తుంది. చూసినవాళ్లు బాగుందంటారు. ఏడాది తిరిగేసరికి నేల నుంచి పొడి రాలుతుంది. ఎంత ఊడ్చినా తెల్లటి దుమ్ము వస్తూనే ఉంటుంది. గచ్చు పొరలు పొరలుగా లేస్తుంది. ఇల్లు ఊడ్చే మనిషికి ఆ దుమ్ము సంగతి తెలుసు. అది చీపురు తప్పు కాదు, ఆ రోజు ఆగని చెయ్యి తప్పు.

తొందర ఉన్నవాళ్లు ఇంకో పని చేస్తారు. తేలిన నీళ్ల మీద పొడి సిమెంటు చల్లుతారు. నీళ్లు పీల్చుకుంటుంది కదా అని. అది ఇంకా చెడ్డది. పైన సిమెంటు ఎక్కువైన పలుచని పెచ్చు కడుతుంది. కిందిదానితో కలిసి ఉండదు. వెంట్రుక పగుళ్లు వస్తాయి.

మరి ఎంతసేపు ఆగాలి? గడియారం చెప్పదు. ఎండాకాలం అయితే గంటలోపే కావచ్చు. చలికాలం అయితే మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. చూసుకోవలసిన గుర్తులు మూడు. ఒకటి, పైన మెరుపు పోవాలి. తడి బట్ట రంగు తగ్గినట్టు రంగు కొంచెం మారుతుంది. రెండు, వేలితో ఒత్తితే నీళ్లు ఊరకూడదు. మూడు, మనిషి కాలు పెట్టి నిలబడితే మడమ గుర్తు పావు అంగుళం మించి దిగకూడదు. అంతకంటే లోతు దిగితే ఇంకా టైము కాలేదు. అసలు గుర్తే పడకపోతే టైము దాటిపోయింది.

జహీరాబాదు వైపు జొన్న రొట్టె చేయని ఇల్లు లేదు. పిండిలో వేడి నీళ్లు పోసి, పిసికి, చేతికి ఎట్లా తగిలితే రొట్టె విరగకుండా వస్తుందో ఆడవాళ్లు చెయ్యి పెట్టి చెబుతారు. ఎవరూ గ్లాసుతో కొలవరు. కాంక్రీటు మీద మడమ పరీక్ష కూడా అట్లాంటిదే. పది స్లాబుల మీద కాలు పెట్టి చూస్తే కాలికి తెలిసిపోతుంది. తట్టలు మోసే మనిషి ఆ స్లాబు అంచు మీదే నిలబడి ఉంటుంది. చూడాలంతే.

టైము వచ్చాక మళ్లీ రందా. గుండ్రంగా తిప్పుతూ, పల్లాలు నింపుతూ. ఇంటి కప్పుకైతే అక్కడితో చాలు. పైన తర్వాత పూత వేస్తారు గనుక గరుకుగా ఉండడమే మంచిది. లోపలి గచ్చుకైతే గుర్మాల పడుతుంది. మొదటిసారి గుర్మాలను దాదాపు బల్లపరుపుగా పట్టి, తేలిగ్గా తిప్పాలి. కాసేపాగి రెండోసారి. అప్పుడు ముందు అంచు కొంచెం లేపి, గట్టిగా ఒత్తాలి. మూడోసారి ఇంకా గట్టిగా. ఒత్తిన కొద్దీ పై పొర బిగుస్తుంది. ఇనుము రాసుకున్న చప్పుడు మారుతుంది. ముందు తడి చప్పుడు, చివరికి గరగర. మేస్త్రీలు ఆ చప్పుడు విని చెయ్యి తీస్తారు. ప్రతి సారీ వెనక్కి జరుగుతూ రావాలి. చేసిన చోట మళ్లీ మోకాలు పడకూడదు. ఎక్కువ పని అయితే మోకాళ్ల కింద రెండు చెక్క పలకలు వేసుకుంటారు.

రోడ్డుకు చివరి పనిముట్టు చీపురు

ఊళ్లో సీసీ రోడ్డు వేస్తే గుర్మాల వాడరు. నున్నగా ఉంటే వానలో మనుషులు జారతారు, ఎడ్లు జారతాయి, బండి టైరు జారుతుంది. అందుకని రందా పట్టాక, సరైన టైములో గట్టి పుల్లల చీపురుతో అడ్డంగా ఒక్కసారి లాగుతారు. సన్నని గీతలు పడతాయి. తొందరపడితే చీపురుకు మాలు అంటుకుని గడ్డలు లేస్తాయి. ఆలస్యమైతే గీత పడదు.

రోడ్డు మీద మూడు నాలుగు మీటర్లకు ఒకచోట అడ్డంగా గాడి కోస్తారు. లోతు రోడ్డు మందంలో పావు వంతు. కాంక్రీటు ఎండకు పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. ఆ పగులు గాడిలోనే రావాలని గాడి. గాడి లేని రోడ్డు తనకు ఇష్టం వచ్చినట్టు పగులుతుంది. మీ ఊరి రోడ్డు మీద ఎక్కడ పగిలిందో చూడండి, గాడి ఉందో లేదో తెలుస్తుంది.

ఎండలో, చలిలో

ఏప్రిల్, మే నెలల్లో స్లాబు వేస్తే ఎండ ఒక పక్క, గాలి ఒక పక్క. పైకి తేలే నీళ్లకంటే ఆవిరయ్యే నీళ్లు ఎక్కువవుతాయి. మాలు ఇంకా మెత్తగా ఉండగానే పైన చీలికలు పడతాయి. అందుకని తెల్లవారుజామునే పని మొదలుపెట్టాలి. సెంట్రింగు పలకలను ముందే తడపాలి. పని అయిన భాగం మీద తడి గోనెసంచులు గానీ, ప్లాస్టిక్ కవరు గానీ కప్పాలి.

చలికాలం సంగతి వేరు. ఈ ప్రాంతం ఎత్తు మీద ఉంది. పక్కనున్న కోహీరులో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రతలు నమోదవుతుంటాయి. చలికి సిమెంటు మెల్లగా పడుతుంది. హైదరాబాదులో పనిచేసి వచ్చిన మేస్త్రీ అక్కడి టైము ఇక్కడ లెక్కపెడితే తప్పుతాడు. గుర్మాలకు ఎక్కువ ఆగాలి. కర్రలు తీయడానికి ఎక్కువ రోజులు ఉంచాలి.

నీళ్లు పట్టడం

మర్నాడు స్లాబు మీద మాలుతో చిన్న చిన్న గట్లు కట్టి మడులు చేస్తారు. వాటిలో రెండు అంగుళాల నీళ్లు నింపుతారు. వరి మడి లాగే. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు తడి ఆరకూడదు. ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా దొరికేది బూడిద కలిసిన సిమెంటు. బస్తా మీద ‘పీపీసీ’ అని ఉంటుంది. దానికి, ఎండ ఎక్కువ ఉన్న రోజుల్లో దేనికైనా, కనీసం 10 రోజులు. 14 రోజులు పడితే ఇంకా మంచిది. పొద్దున ఒకసారి తడిపి, మధ్యాహ్నం ఎండనిచ్చి, సాయంత్రం మళ్లీ తడపడం సరిపోదు. ఎండిన ప్రతిసారీ లోపలి అల్లిక ఆగుతుంది.

కింద పెట్టిన కర్రలు ఎప్పుడు తీయాలి? కర్రలకు కిరాయి రోజు లెక్కన పెరుగుతుంది. తొందరగా తీయమని సెంట్రింగు వాళ్లు అడుగుతారు. గది వెడల్పు నాలుగున్నర మీటర్లు, అంటే 15 అడుగుల లోపు అయితే కనీసం 7 రోజులు. అంతకు మించితే 14 రోజులు. దూలాల కింద కనీసం 14 రోజులు. ఇది మామూలు సిమెంటు లెక్క. పీపీసీ అయినా, చలికాలం అయినా ఇంకా ఎక్కువ. కిరాయికి భయపడి ముందే తీస్తే స్లాబు కిందికి వంగుతుంది. ఆ వంపు మళ్లీ పోదు.

చేతులు, కాళ్లు

తడి సిమెంటులో సున్నం గుణం ఉంది. ముట్టుకున్నప్పుడు మంట తెలియదు. రెండు మూడు గంటలకు తెలుస్తుంది. అప్పటికే చర్మం కాలి ఉంటుంది. వట్టికాళ్లతో మాలులో నిలబడిన వాళ్లకు, మోకాళ్ల మీద కూర్చున్న వాళ్లకు పుండ్లు పడేది ఇందుకే. కొందరికి ఏళ్ల తరబడి చేతులు పగిలి దురద పెడతాయి. అది గజ్జి కాదు. సిమెంటు పడక వచ్చేది.

రబ్బరు తొడుగులు, రబ్బరు బూట్లు మేస్త్రీకే కాదు, తట్ట మోసేవాళ్లకూ కావాలి. చీర కుచ్చిళ్లకు మాలు అంటితే అట్లాగే ఉంచుకోకూడదు, ఆ తడి చర్మానికి తగులుతూనే ఉంటుంది. వెంటనే మార్చుకుని కాళ్లు కడుక్కోవాలి. మాలు తగిలితే మంచి నీళ్లతో బాగా కడగాలి. నూనె, కిరసనాయిలు రాయకూడదు. కంట్లో పడితే నలపకూడదు. కన్ను తెరిచి ఉంచి ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండి, ఆసుపత్రికి పోవాలి. పాలు పోయడం, ఆకు పసరు పిండడం కంటికి చేటు.

ఆడవాళ్లు తాపీ పట్టిన చోట్లు

మొగుడంపల్లికి పడమర దిక్కున మహారాష్ట్ర. అక్కడ 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున భూకంపం వచ్చింది. కిల్లారి, దాని చుట్టుపక్కల ఊళ్లు నేలమట్టం అయ్యాయి. దాదాపు 10 వేల మంది చనిపోయారు. రాయి, మట్టితో కట్టిన బరువైన ఇళ్లు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. తర్వాత ఇళ్లను గట్టిపరిచే పని జరిగింది. స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ ద్వారా ఊరూరా మహిళా సంఘాలు ఆ పనిలో పాలుపంచుకున్నాయి. గోడ ఎందుకు కూలుతుంది, ఏం చేస్తే నిలుస్తుంది అన్నది నేర్చుకుని ఊరివాళ్లకు చెప్పింది ఆ ఆడవాళ్లే.

జార్ఖండ్‌లో మరుగుదొడ్లు కట్టే పని పెద్ద ఎత్తున వచ్చినప్పుడు మేస్త్రీలు చాలలేదు. సంఘాల మహిళలకు తాపీ పని నేర్పారు. వాళ్లను అక్కడ రాణీ మిస్త్రీలు అంటారు. మన దగ్గర హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. న్యాక్ అంటారు. 1998లో ఏర్పడింది. కట్టడం పనుల్లో శిక్షణ ఇస్తుంది.

దూరదేశం ముచ్చట ఒకటి. లండన్‌లో థేమ్స్ నది మీద వాటర్లూ వంతెన ఉంది. కాంక్రీటు వంతెన. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు యుద్ధానికి పోతే, ఆ వంతెన పనిలో చాలామంది ఆడవాళ్లు చేశారు. 1945లో ప్రారంభోత్సవం జరిగింది. మంత్రి లేచి, వంతెన కట్టిన మగవాళ్లను మెచ్చుకున్నాడు. ఆడవాళ్ల మాటే రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు వాళ్ల సంగతి నోటిమాటగానే మిగిలింది. ఎందుకంటే పుస్తకాల్లో వాళ్ల పేర్లు లేవు.

పుస్తకంలో ఏం రాశారు?

మేస్త్రీ దగ్గరో, కాంట్రాక్టరు దగ్గరో ఒక పుస్తకం ఉంటుంది. అందులో పేర్లు, పని, కూలి రాస్తారు. అక్షరాలు రానప్పుడు అది ఆయన పుస్తకం. ఇప్పుడు చదవవచ్చు.

ఒకే పనికి మగవారికి, ఆడవారికి ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఆ నియమాన్ని 2019 వేతనాల కోడ్‌లో చేర్చారు. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. చట్టం చూసేది ‘ఒకే పని’. ఒక మహిళ పొద్దంతా రందా పట్టినా, పుస్తకంలో ఆమె పేరు పక్కన ‘హెల్పరు’ అని రాస్తే, అది వేరే పని అయిపోతుంది. వేరే పనికి వేరే కూలి అంటారు. అందుకే ఆ ఒక్క మాట చూసుకోవాలి. తప్పుంటే ఆ రోజే అడగాలి. నెల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

ఇంకో లెక్క కూడా ఉంది. కట్టడం పనివాళ్ల కోసం 1996లో చట్టం వచ్చింది. దాని కింద సంక్షేమ బోర్డు ఏర్పడింది. అందులో పేరు రాయించుకుంటే కార్డు ఇస్తారు. ప్రమాదం జరిగినా, కాన్పు అయినా సాయం అడగవచ్చు. వయసు 18 నిండాలి, 60 దాటకూడదు. గడిచిన 12 నెలల్లో 90 రోజులు కట్టడం పని చేసి ఉండాలి. తట్ట మోసినా అది కట్టడం పనే. కార్మిక శాఖ అధికారి దగ్గర వివరాలు అడగవచ్చు.

90 రోజులు చేశామని నోటితో చెబితే సరిపోదు. సొంత నోటుబుక్కు ఒకటి పెట్టుకుంటే పని తేలిక. పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చాలు. రోజూ పడుకోబోయే ముందు ఒక్క వరుస. ఇట్లా:

తేదీ: మార్చి 12. ఊరు: మొగుడంపల్లి. పని: స్లాబు. మధ్యాహ్నం దాకా మిల్లరు దగ్గర నీళ్లు. బస్తాకు 2 బకెట్లు. మధ్యాహ్నం నుంచి బద్ద రెండో కొస, తర్వాత రందా. కూలి: తట్ట లెక్కన ఇచ్చారు. రందా పట్టిన సగం రోజుది రేపు అడగాలి.